మైక్‌కు చిక్కిన మాట కోర్టులో చెల్లుతుందా?

ప్రశ్న: మా పెదనాన్న కొడుక్కి మూడు లక్షలు అప్పిచ్చాను. డబ్బు బ్యాంకు ద్వారానే పంపాను, ప్రోనోటు కూడా రాయించుకున్నాను. అడిగినప్పుడల్లా ‘నీ డబ్బు ఎక్కడికీ పోదురా తమ్ముడూ’ అంటాడే గాని పైసా తీయడు. ఇంకో మూడు నెలలు పోతే నోటు మురిగిపోతుందని తెలిసినవాళ్లు అంటున్నారు. మా అమ్మాయి వంటల వీడియోల కోసం ఫోన్‌కు తగిలించే కాలర్ మైక్ ఒకటి కొంది. అది చొక్కాకు పెట్టుకుని వెళ్లి, అప్పు ఉందని అన్నయ్య నోటితోనే అనిపించి రికార్డు చేద్దామనుకుంటున్నాను. చెప్పకుండా రికార్డు చేస్తే నా మీదే కేసు పెడతాడా? కోర్టు దాన్ని ఒప్పుకుంటుందా? ఆ మైక్‌ను అతని దుకాణంలో ఎక్కడైనా పెట్టి వస్తే నా గురించి బయటివాళ్లతో ఏమంటున్నాడో కూడా తెలుస్తుంది కదా, అలా చేయవచ్చా?
– ఒక పాఠకుడు, నరసరావుపేట

జవాబు: మీ మూడు ప్రశ్నలకూ ముందు సూటిగా చెబుతాను. మీరు స్వయంగా పాల్గొన్న మాటలను రికార్డు చేసుకున్నంత మాత్రాన అది నేరం కాదు. జాగ్రత్తలు పాటిస్తే కోర్టు ఆ రికార్డింగును సాక్ష్యంగా తీసుకుంటుంది. దుకాణంలో మైక్ పెట్టి వచ్చే ఆలోచన మాత్రం ఈ క్షణమే మానుకోండి. మీరు అడగని నాలుగో సంగతి ఒకటుంది, మీ డబ్బు నిజానికి దాని మీదే ఆధారపడి ఉంది. దాన్ని చివర్లో చెబుతాను.

చాటుగా పెట్టిన మైక్ మన న్యాయస్థానాలకు కొత్తేమీ కాదు. 1967లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన నాగ్రీ కేసులో బొంబాయి మున్సిపల్ గుమాస్తాకు ఒకరు లంచం ఇవ్వజూపారు. గుమాస్తా ఫిర్యాదుతో పోలీసులు అతని ఇంట్లోనే వల పన్నారు. మైక్‌ను పుస్తకాల వెనుక దాచి, టేప్ రికార్డర్‌ను కనబడకుండా ఉంచి సంభాషణ రికార్డు చేశారు. కోర్టు ఆ టేపును సాక్ష్యంగా అంగీకరించింది. జరిగినదాన్ని ఫొటో చూపించినట్టే టేపు వినిపిస్తుందని పోల్చింది. అయితే టేపులో మాటలు చెరిపేయడం, మళ్లీ ఎక్కించడం తేలిక కాబట్టి ఇలాంటి సాక్ష్యాన్ని ఆచితూచి తీసుకోవాలని హెచ్చరించింది. ఆ టేపుకు సీలు వేయకపోవడాన్నీ గమనించింది.

ఐదేళ్లకు, 1972లో, మల్కానీ కేసు వచ్చింది. బొంబాయి కరోనర్ (అనుమానాస్పద మరణాలపై విచారణ జరిపే అధికారి) ఒక డాక్టరును లంచం అడిగాడు. ఏసీబీ అధికారులు ఆ డాక్టరు అనుమతితో ఆయన టెలిఫోనుకే రికార్డర్ తగిలించారు. ‘నాకు తెలియకుండా రికార్డు చేశారు, టెలిగ్రాఫ్ చట్టాన్ని ఉల్లంఘించారు’ అని కరోనర్ వాదించాడు. మాట్లాడుకున్న ఇద్దరిలో ఒకరు ఒప్పుకునే రికార్డు చేశారు కాబట్టి ఉల్లంఘన లేదని సుప్రీంకోర్టు తేల్చింది. నేటికీ మీలాంటివారికి అండ ఈ తీర్పే.

ఇక్కడ గీత ఎక్కడుందో చూడండి. ఆ సంభాషణలో మీరున్నారా లేదా అన్నదే అసలు ప్రశ్న. అన్న మీతో అన్నమాట మీరు ఎలాగూ విన్నారు. రేపు బోనెక్కి ‘ఇలా అన్నాడు’ అని చెప్పే హక్కు మీకుంది, రికార్డింగు ఆ మాటకు ఊతం మాత్రమే. దుకాణంలో మైక్ వదిలి వచ్చారంటే కథ మారిపోతుంది. అక్కడ అన్న తన భార్యతోనో, గుమాస్తాతోనో, ఖాతాదారుతోనో మాట్లాడే మాటల్లో మీకు భాగం లేదు. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017లో తొమ్మిది మంది జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం ప్రకటించింది. దురుద్దేశంతో దుకాణంలో చొరబడ్డారని కేసు పెట్టవచ్చు, నష్టపరిహారం దావా కూడా వేయవచ్చు. ఇతరుల ఫోన్ సంభాషణలను దొంగచాటుగా పట్టుకోవడం ఇంకా పెద్ద తప్పు. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం దానికి మూడేళ్ల వరకు జైలు, 2 కోట్ల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధిస్తుంది.

భార్యాభర్తల మధ్య కూడా ఇదే గీత కనిపిస్తుంది. భార్య తన వాళ్లతో ఫోన్‌లో మాట్లాడిన మాటలను భర్త చాటుగా రికార్డు చేసిన కేసులో ఉమ్మడి రాష్ట్రంలోని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అది ఆమె గోప్యతకు భంగమని చెప్పి తోసిపుచ్చింది. మరో కేసులో భర్త తనతో భార్య మాట్లాడిన మాటలనే రికార్డు చేశాడు. విడాకుల విచారణలో వాటిని పరిశీలించవచ్చని సుప్రీంకోర్టు 2025 జులైలో చెప్పింది, పంజాబ్–హర్యానా హైకోర్టు ఇచ్చిన వ్యతిరేక తీర్పును రద్దు చేసింది. రెండూ చాటుగా చేసినవే. తేడా అల్లా ఎవరి మాటల్లో ఎవరున్నారన్నదే.

ఇప్పుడు మీ మైక్ సంగతి. మంచి మైక్ వాడటం మోసం కాదు, పైగా న్యాయస్థానం కోరేది కూడా అదే. 1985లో రామ్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు టేపులకు కొన్ని షరతులు పెట్టింది. గొంతు ఎవరిదో గుర్తుపట్టగలగాలి. రికార్డు చేసినవారు అది సరైనదని రుజువు చేయాలి. మార్పులు చేశారన్న అనుమానానికి తావుండకూడదు. మాటలు కేసుకు సంబంధించినవై ఉండాలి. రికార్డు భద్రంగా ఉండాలి. మాట స్పష్టంగా వినిపించాలి, ఇతర చప్పుళ్లలో కలిసిపోకూడదు. ఎంతో కష్టపడి తెచ్చిన రికార్డింగు ఈ చివరి షరతు దగ్గరే వీగిపోవచ్చు. జేబులో పెట్టిన ఫోనుకు వినిపించేది ఎక్కువగా గుడ్డ రాపిడి, సీలింగ్ ఫ్యాను గాలి. ‘ఇస్తా’ అన్నాడా, ‘ఇచ్చా’ అన్నాడా తేలకపోతే మీ కేసు అక్కడికి సరి. గొంతు తనది కాదని అన్న బుకాయిస్తే ఫోరెన్సిక్ ల్యాబ్ పోల్చి చూడటానికి కూడా శుభ్రమైన ధ్వనే కావాలి.

అందుకే వెళ్లే ముందు ఇంట్లో ఒకసారి పరీక్షించండి. మైక్ తగిలించినా ఫోన్ తన లోపలి మైక్‌తోనే రికార్డు చేస్తుండవచ్చు. గుండ్రటి పిన్ను ఉన్న మైక్ అయితే పిన్నుపై మూడు గీతలుండాలి. రెండే ఉంటే అది కెమెరాల కోసం చేసినది, చాలా ఫోన్లు దాన్ని గుర్తించవు. టైప్–సి మైక్ అయితే కొన్ని ఫోన్లలో ఓటీజీ ఆన్ చేయాలి. రికార్డింగు మొదలుపెట్టి మైక్ మీద గోటితో రెండుసార్లు తట్టండి. వింటున్నప్పుడు ఆ తట్టు గట్టిగా వినిపిస్తే మైక్ పనిచేస్తున్నట్టు. మధ్యలో కాల్ వచ్చి రికార్డింగు తెగకుండా ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. తేదీ, సమయం సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి.

వైర్‌లెస్ మైక్ అయితే ఇంకో రెండు చిక్కులున్నాయి. చప్పుళ్లను తగ్గించే బటన్ ధ్వనిని సొంతంగా మారుస్తుంది కాబట్టి దాన్ని ఆపేయండి. కొన్ని మైకులు తమలోనూ ఒక కాపీ దాచుకుంటాయి. అప్పుడు ఒకే మాటకు రెండు ఫైళ్లు ఉన్నట్టు. ఒకటి ఉంచి రెండోది చెరిపేస్తే ఏం దాచారని ఎదుటి లాయరు అడుగుతాడు. రెండూ ఉంచండి.

రికార్డు చేశాక పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఫైలు దగ్గరే. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం పెన్‌డ్రైవ్‌లోకో సీడీలోకో ఎక్కించి ఇచ్చే రికార్డింగుతో ధ్రువపత్రం జతచేయాలి. అందులో ‘ఎ’ భాగం మీరు నింపాలి, ‘బి’ భాగం నిపుణుడు నింపాలి. ఫోన్ కంపెనీ, మోడల్, రంగు, ఐఎంఈఐ నంబరు, ఫైలు హ్యాష్ విలువ అందులో రాయాలి. హ్యాష్ అంటే ఫైలుకు వేలిముద్రలాంటిది. ఒక్క క్షణం ధ్వని కత్తిరించినా అది పూర్తిగా మారిపోతుంది. పరికరం గురించిన ఇతర వివరాలు రాసే చోట బయటి మైక్ వాడిన సంగతి, దాని మోడల్ కూడా రాయండి. దాచిన మైక్ బయటపడితే అనుమానం వస్తుంది, ముందే చెప్పిన మైక్ మీద ఎవరికీ అనుమానం రాదు.

ధ్రువపత్రం లేక కేసు పోగొట్టుకున్నవారు ఉన్నారు. 2014లో కేరళ ఎన్నికల వివాదంపై వచ్చిన అన్వర్ కేసులో ప్రచార పాటలు, ప్రసంగాల సీడీలను సుప్రీంకోర్టు పక్కన పెట్టింది. 2020లో ఖోత్కర్ కేసులో దాన్నే ఖాయం చేస్తూ ఒక వెసులుబాటు చెప్పింది. రికార్డు చేసిన అసలు పరికరాన్నే యజమాని కోర్టుకు తెచ్చి సాక్ష్యం చెబితే ధ్రువపత్రం అవసరం లేదు. ఆ తీర్పు పాత సాక్ష్య చట్టం కింద వచ్చింది కాబట్టి ఫోన్, ధ్రువపత్రం రెండూ సిద్ధంగా పెట్టుకోవడం క్షేమం. కాబట్టి కేసు తేలేదాకా ఆ ఫోన్‌ను ఎక్స్ఛేంజ్‌లో ఇవ్వకండి, రీసెట్ చేయకండి. ఫైలు మొదట్లో ఉన్న అనవసర మాటలు తీసేసి ‘శుభ్రం’ చేయకండి. లాయరుకు వాట్సాప్‌లో ఆడియోగా పంపితే అది కుదించుకుపోయి వేరే ఫైలు కావచ్చు. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా ఫోనే తీసుకెళ్లి వినిపించండి.

మాట్లాడేటప్పుడు మూడు జాగ్రత్తలు. ఒకటి, ‘ఇది మన మధ్యే, కోర్టులో వాడను’ అని మాటివ్వకండి. సివిల్ కేసుల్లో ఆ షరతు మీద చేసిన ఒప్పుకోలు సాక్ష్యానికి పనికిరాదు. అదే కారణంగా లోక్ అదాలత్‌లో, మధ్యవర్తిత్వ కేంద్రంలో జరిగే మాటలను రికార్డు చేయకండి. రెండు, మైక్ మీ గొంతునూ వింటోంది. ‘ఇవ్వకపోతే నీ సంగతి చూస్తా’ అన్నారంటే మీ రికార్డింగే మీపై బెదిరింపు కేసుకు సాక్ష్యమవుతుంది. దాన్ని బంధువుల గ్రూపుల్లో పెట్టి పరువు తీస్తే పరువునష్టం కేసుకు దారి. మూడు, అన్నతో ‘అవును’ అనిపించడం చాలదు. ఎంత మొత్తం, ఎప్పుడు తీసుకున్నాడు, ఏ నోటు మీద అన్నవి అతని నోటి నుంచే రావాలి.

ఇప్పుడు మీరు అడగని ఆ నాలుగో సంగతి. మీ అన్న మైక్‌లో స్పష్టంగా, పేరు పెట్టి, తేదీతో సహా అప్పు ఒప్పుకున్నాడనే అనుకుందాం. అది రికార్డయినంత మాత్రాన నోటు గడువు ఒక్క రోజు కూడా పెరగదు. అడిగినప్పుడు చెల్లించాల్సిన ప్రోనోటుపై రాసిన తేదీ నుంచి మూడేళ్లలోపు దావా వేయాలి. గడువు కొత్తగా మొదలవ్వాలంటే, 1963 నాటి లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం ఒప్పుకోలు రాతపూర్వకంగా, బాకీదారు సంతకంతో, గడువు ముగిసేలోపే ఉండాలి. కొంత సొమ్ము చెల్లించినా ఆ చెల్లింపు అతని రాతలోనో, సంతకంతోనో కనిపించాలని 19వ సెక్షన్ అంటుంది. మన పెద్దలు నోటు వెనక ‘చెల్లు’ రాయించుకునేది ఇందుకే. అన్న అయిదు వందలే ఇచ్చినా సరే, నోటు వెనుక తేదీ వేయించి, అతనితో సంతకం పెట్టించుకోండి. ఆ రోజు నుంచి మీకు మళ్లీ మూడేళ్లు.

ఇలా మాటకు చట్టం రాతను కోరే చోట్లు ఇంకా ఉన్నాయి. ‘ఈ పొలం నీకే అమ్మాను’ అన్న రికార్డింగు రిజిస్టరు దస్తావేజు కాదు. తాతగారు ‘ఇల్లు చిన్నవాడికి’ అన్న ఆడియో, హిందువుల విషయంలో వీలునామా కాదు, దానికి రాత, ఇద్దరు సాక్షులు కావాలి. ఇలాంటి చోట్ల రికార్డింగు మహా అయితే చుట్టూ జరిగిన విషయాలకు బలం చేకూరుస్తుంది.

మీ మైక్ బిల్లు పడేయకండి. ఎప్పుడు కొన్నదీ, ఏ మోడలో అది చెబుతుంది. లాయరును పెట్టుకునే స్తోమత లేనివారు ఉచిత న్యాయ సహాయానికి 15100కు ఫోన్ చేసి అడగవచ్చు.

మీకింకా మూడు నెలల గడువుంది. అన్న ఇంటికి వెళ్లేటప్పుడు మైక్ పెట్టుకున్నా తప్పులేదు. నోటు, పెన్ను మాత్రం మరచిపోకండి. చెల్లు వేయడానికి అన్న ఒప్పుకోకపోతే రికార్డింగును భద్రంగా ఉంచుకుని, గడువు దాటకముందే దావా వేయండి. విచారణలో అది మీకు బాగా అక్కరకొస్తుంది.