నడుము, డిస్కు, కాలి బొటనవేలు

మన జంతుశాస్త్ర ప్రయోగశాల అద్దాల బీరువాలో కప్ప అస్థిపంజరం ఒకటి ఉన్నది. దాని వెన్నులో తొమ్మిది పూసలు, చివర యూరోస్టైల్ అనే పుల్లలాంటి ఎముక. మనిషికి చిన్నతనంలో 33 పూసలు. పెద్దయ్యేసరికి అడుగున ఉన్నవి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఈ మాట రాస్తే పరీక్షలో మార్కులు పడతాయి. నేనూ రాశాను. కాని రెండు పూసల మధ్య ఉన్న మెత్త చెదిరితే ఏమౌతుందో మాత్రం మా నాయన నడుము దగ్గర నేర్చుకున్నాను.

మాది కనిగిరి వైపు మెట్టపల్లె. కిందటేడు కందులు నూర్చినాక ట్రాక్టరు మీదికి బస్తా ఎత్తబోయి నాయన "అబ్బా" అని కూలబడ్డాడు. రెండు రోజులు నడుములోనే పోటు. మూడోనాటికి నడుము కాస్త తెరిపిన పడ్డది గాని, పోటు పిర్రలోనుంచి తొడ పక్కగా దిగి ఎడమకాలి బొటనవేలిదాకా పాకింది. నడుము తగ్గిందిగదా అని అందరం సంతోషించాం! ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు తొక్కితే నడుంపట్టు వదులుతుందని మా పక్క నమ్మకం. అట్లా పుట్టిన మా మామను పిలిచి మూడుసార్లు తొక్కించాం. తర్వాత తైలాలు, సూదులు. నేను సెలవుకు వెళ్ళేసరికి నాయన నడుస్తూంటే ఎడమ చెప్పు జారిపోతోంది. జారిన సంగతి ఆయనకు తెలియడం లేదు. నేను చూశాను. చూసి, పాత చెప్పు గదా అనుకొని ప్రాక్టికల్సుకు తిరిగి వచ్చేశాను. నాడీమండలం మీద పది మార్కుల ప్రశ్నకు ఆ వారంలోనే జవాబు రాశాను.

పరీక్షలైన మర్నాడు గుంటూరులో వెన్నెముక జబ్బులు మాత్రమే చూసే ఒక ఆసుపత్రికి తీసుకుపోయాం. పోగానే యంత్రాల్లో పెడతారనుకున్నాను. అట్లా జరగలేదు. డాక్టరుగారు ముందు నాయన తలుపులోనుంచి నడిచివచ్చే తీరు చూశారు. "ఏం పెద్దాయనా, పోటు ఎక్కడ మొదలై ఎక్కడిదాకా పోతుంది? వేలుపెట్టి చూపించు" అన్నారు. మడమల మీద నడిపించారు. ఎడమ పాదం ముందుభాగం లేవలేదు. మునివేళ్ళ మీద మాత్రం బాగానే నిలబడ్డాడు. బొటనవేలు పైకెత్తమని తన వేలితో అదిమితే అది చంటిబిడ్డ వేలులా లొంగిపోయింది. పాదం పైభాగాన దూది తగిలితే తెలియలేదు. సుత్తితో మడమ వెనక కొడితే ప్రతీకార చర్య మామూలుగానే వచ్చింది. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా ఎడమకాలు ఎత్తితే 40 డిగ్రీల దగ్గర కేక పెట్టాడు.

"నడుములో నాలుగో పూసకూ ఐదోదానికీ మధ్య, ఎడమవైపు" అన్నారు డాక్టరుగారు, ఇంకా ఏ ఫోటో చూడకుండానే!

ఇందులో మంత్రమేమీ లేదు. డిస్కు అంటే చుట్టూ గట్టి నారపొరలు, నడుమ నీరు నిండిన మెత్తని గుజ్జు. పొరలు చిట్లితే గుజ్జు వెనక్కి పొడుచుకువచ్చి పక్కనున్న నరాన్ని నొక్కుతుంది. నాలుగు-ఐదు పూసల మధ్య డిస్కు నొక్కేది సాధారణంగా ఐదో నడుము నరాన్ని. బొటనవేలిని పైకెత్తేది ఆ నరమే. దాని కింది డిస్కు ఐతే మునివేళ్ళ మీద నిలబడలేడు, మడమ దగ్గర ప్రతీకార చర్య తగ్గుతుంది. కాలినొప్పికి మూలం డిస్కులో ఉండవచ్చని బోస్టన్ వైద్యులు మిక్స్టర్, బార్ 1934లో గట్టిగా నిరూపించారు.

ఆయన ఇంకో రెండు ప్రశ్నలు అడిగారు. మూత్రం సాఫీగా వస్తోందా, కూర్చునేచోట తిమ్మిరి ఉందా అని ఒకటి. పెద్దవాళ్ళలో వెన్నుపాము నడుము పైభాగానే ఆగిపోతుంది. ఆ కింద నరాలు గుర్రపు తోకలాగా వేలాడుతుంటాయి. ఆ తోకంతా నలిగితే మూత్రం బిగుస్తుంది, కూర్చునేచోట స్పర్శ పోతుంది. అప్పుడు గంటలు కూడా లెక్కే, వెంటనే ఆపరేషన్ చెయ్యాలి. రెండోది, సాయంత్రం జ్వరం వస్తోందా, మనిషి చిక్కిపోతున్నాడా అని. అది వెన్నెముక క్షయ గురించిన అనుమానం. దానికి ముఖ్య చికిత్స నెలల తరబడి మందులు. మా ఊరి పేరు చెప్పగానే "ఏ నీళ్ళు తాగుతారు?" అనికూడా అడిగారు. నీళ్ళలోని ఫ్లోరైడు వెన్నును కర్రలా బిగదీసే జబ్బును షార్ట్, ఆయన సహచరులు 1937లో నెల్లూరు జిల్లాలోనే వర్ణించారు. మా కనిగిరి అప్పట్లో ఆ జిల్లాలోదే.

తర్వాతనే ఎం.ఆర్.ఐ. ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది గాని డిస్కు కనిపించదు. ఎం.ఆర్.ఐ. అయస్కాంతంతో, రేడియో తరంగాలతో ఒంటిలోని నీటి ప్రోటాన్లను కదిలించి బొమ్మ గీస్తుంది కనుక తడి డిస్కు తెల్లగా, ఎండిన డిస్కు నల్లగా కనబడుతుంది. రిపోర్టులో మూడుచోట్ల ఉబ్బులని చదివి మా అమ్మ ఏడ్చేసింది. "మూడింటిలో మనది ఒకటేనమ్మా" అన్నారాయన. 1994లో అమెరికాలో నడుంనొప్పి లేని 98 మందికి ఈ పరీక్ష చేస్తే, అన్ని డిస్కులూ సవ్యంగా ఉన్నవాళ్ళు 36 శాతమే తేలారు! కాగితాన్ని చూసి కోతకు సిద్ధమయ్యేవాళ్ళు ఈ అంకె గుర్తుంచుకోవాలి.

నిజానికి డిస్కు జారినవారిలో ఎక్కువమందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో నొప్పి దానంతటదే తగ్గుతుంది. మందులు, ఓపినంత నడక చాలు. మంచానికి అంటుకుపోవడం మంచిది కాదు. నెదర్లాండ్స్‌లో 283 మందిపై జరిగిన పరిశోధన 2007లో వెలువడింది. త్వరగా ఆపరేషన్ చేసినవాళ్ళకు కాలినొప్పి తొందరగా పోయింది గాని, ఏడాది తిరిగేసరికి ఆగి చూసినవాళ్ళూ దాదాపు అంతే కోలుకున్నారు. ఐతే ఆగినవాళ్ళలో నూటికి 39 మందికి చివరికి ఆపరేషన్ చెయ్యవలసే వచ్చింది.

మరి నాయన ఎందుకు ఆగకూడదు? నొప్పి వేరు, బలం పోవడం వేరు. పాదం రోజురోజుకూ పడిపోతూంటే లెక్క మారుతుంది. మైక్రోస్కోపుతో అంగుళం కోతలోనుంచి జారిన ముక్క తీసేశారు. ఆ రాత్రే కాలిపోటు పోయింది. బలం మాత్రం పోయినంత త్వరగా రాలేదు. ఇప్పుడు పాదం లేస్తోంది, బొటనవేలు సగమే లేస్తోంది. "ఇంకొంచెం ముందుగా వస్తే?" అని నేను అడిగాను. డాక్టరుగారు నా వంక చూసి, "చెప్పలేం బాబూ, అవకాశం ఎక్కువ ఉండేది" అన్నారు. చెప్పు జారిన సంగతి నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇక్కడే మొదటిసారి రాస్తున్నాను.

ఇంటికొచ్చాక నాయనకు లివరు సూత్రం గీసి చూపాను. 50 కిలోల బస్తా వెన్నుకు 40 సెంటీమీటర్ల ముందుంటే, 5 సెంటీమీటర్ల వెనకున్న కండరాలు దాన్ని ఆపడానికి 400 కిలోల బరువంత లాగాలి. అదంతా డిస్కు మీదనే పడుతుంది. సగం బస్తాను ఒంటికి ఆనించి 20 సెంటీమీటర్లలో పట్టుకుంటే 100 కిలోలే. ఆయన కాగితం వంక చాలాసేపు చూసి, "మరి ఇన్నాళ్ళూ ఎత్తినవో?" అన్నాడు.

ఈ ఏడు కందులు సగం బస్తాలకే నింపాం. మామ నవ్వాడు గాని, తనూ అట్లాగే ఎత్తాడు. నాయన ఎడమ చెప్పుకు వెనక పట్టీ కుట్టించుకున్నాడు.