చూరులో గ్లాసు

రాజోలు, అమలాపురం వైపు నుంచి ఎందరో ఆడవాళ్లు ఇంటి పనికి కువైట్ వెళ్లారు. మా కేంద్రానికి వచ్చే పిన్ని కూడా వెళ్లి వచ్చింది.

"అక్కడ నాకు వేరే కప్పు పెట్టారమ్మా. మీ దేశం వాళ్లు మురికి అనేవారు. పని ఒక్కటే. ఫిలిప్పీన్స్ మనిషికి జీతం ఎక్కువ, నాకు తక్కువ" అని చెప్పింది.

దేశాన్ని, రంగును చూసి మనిషిని తక్కువ చేయడం జాతి వివక్ష. కువైట్‌లో 2015లో ఇంటి పనివారి కోసం చట్టం వచ్చింది. వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి. నెల జీతం 60 దినార్లకు తగ్గకూడదని 2016లో నిర్ణయించారు. వెళ్లే వాళ్లకి ఈ సంగతి చెప్పండి.

ఆ రోజు అందరం ఆ ఇంటివాళ్లని తిట్టాం. నేనూ తిట్టాను.

అప్పుడు కొబ్బరి పీచు పనికి వెళ్లే అక్క అడిగింది. "టీచరు గారండీ, మీ ఇంటి చూరులో గ్లాసు ఎవరిదండీ?"

నాకు మాట రాలేదు. పనికి వచ్చినప్పుడు ఆమెకి టీ పోసే గ్లాసే అది. అక్కడ దేశం అడ్డం వచ్చింది, ఇక్కడ కులం.

మన రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. టీ కొట్టులో కులం చూసి వేరే గ్లాసు ఇస్తే 1955 చట్టం కింద నేరం.

ఆ సాయంత్రం అమ్మతో మాట్లాడాను. రెండు రోజులు అలిగింది. ఆ గ్లాసును మిగతా వాటిలో కలిపేశాను. ఏది ఏదో ఇప్పుడు అమ్మకీ తెలియదు.