ట్రైలరు మోయదగిన బరువు – ఒక లెక్క

ఆత్మకూరు ప్రక్కన పెన్న ఇసుకనైనను, ఉదయగిరి సీమ ధాన్యమునైనను తరలించుటకు మనకు తరచు కనిపించు వాహనము ట్రాక్టరు ట్రైలరు. పెట్టె పట్టినంత ఎత్తవచ్చునను నమ్మకము మనలో అనేకులకు కలదు. ఆ నమ్మకము ఎంతవరకు నిలుచునో లెక్కవేసి చూతము.

ముందుగా రెండు సంఖ్యలు తెలియవలెను. ఖాళీ బండి బరువు ఒకటి. సరుకుతో కలిపి ఉండదగిన గరిష్ఠపు బరువు మరియొకటి. రెండును రిజిస్ట్రేషను పత్రములో ఉండును. రెండవదానినుండి మొదటిదానిని తీసివేయగా మిగిలినదే ఎత్తదగిన సరుకు. ట్రాక్టరు లాగగల బరువును విడిగా చూడవలెను. రెండింటిలో తక్కువదే మన హద్దు.

ఒక ట్రైలరు గరిష్ఠపు బరువు 5,000 కిలోలు, ఖాళీ బరువు 1,500 కిలోలు అనుకొందము. సరుకు 3,500 కిలోలు. మన జిల్లాలో పుట్టి ధాన్యము 850 కిలోలు గనుక నాలుగు పుట్లు 3,400 కిలోలగును. ఐదవ పుట్టి ఎత్తినచో 750 కిలోలు హద్దు మీరును.

ఇక ఇసుక. పెట్టె పొడవు 3 మీటర్లు, వెడల్పు 1.8, ఎత్తు 0.6 అయినచో పట్టునది 3.24 ఘనపు మీటర్లు. ఎండిన ఇసుక ఘనపు మీటరు సుమారు 1,600 కిలోలు. అంచువరకు నింపినచో 5,184 కిలోలు! కావున 40 సెంటీమీటర్ల ఎత్తుననే ఆపవలెను. తడి ఇసుకయైనచో ఇంకను తగ్గింపవలెను.

మీరిన బరువు ఏమి చేయును? ఇరువది అడుగులకు ఒక అడుగు దిగు వాలులో, ఇసుకతో 6,684 కిలోలైన ట్రైలరు బ్రేకు లేనిచో, ట్రాక్టరును సుమారు 334 కిలోల బరువుతో ముందుకు నెట్టును. రెండు చక్రముల ట్రైలరులో సరుకు వెనుకకు చేరినచో కొక్కెము పైకి లేచి ట్రాక్టరు వెనుక చక్రముల పట్టు సడలును; మిక్కిలి ముందుకు చేరినచో ముందు చక్రములు తేలి స్టీరింగు మాట వినదు.

అమెరికాలో కారు వెనుక లాగుకొనిపోవు ఇంటి ట్రైలరునకును ఇదే సూత్రము. ట్రైలరు బరువులో సాధారణముగా నూటికి 10 నుండి 15 వంతులు కొక్కెముపై పడును. అదియు, కారులోని మనుషులు, సామానును కలిసి కారు మోయదగిన బరువునకు లోబడవలెను.

మోటారు వాహనముల చట్టము 194వ సెక్షను, 2019 సవరణ ననుసరించి, అధిక బరువునకు 20,000 రూపాయల జరిమానాను, మీరిన ప్రతి టన్నుకు మరి 2,000 రూపాయలను విధించుచున్నది. ప్రాణమునకు మాత్రము వెల లేదు. సెలవులలో ఇండ్లకు పోవు విద్యార్థులు తమ ట్రైలరు పత్రమును ఒకమారు చదివి, ఇసుక ఆగవలసిన ఎత్తున పెట్టె లోపల రంగుతో ఒక గీత గీసినచో, ఈ పాఠము సార్థకమగును.