చక్రాల నట్లకు గ్రీజు పూయవచ్చునా?

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి మీదుగా హైదరాబాదు వైపు సాగే 44వ జాతీయ రహదారిపైనా, చింతామణి మార్కెట్టుకు టమాటా చేర్చే దారులపైనా తిరిగే బండ్లలో చక్రాన్ని హబ్బుకు పట్టి ఉంచేవి కొద్దిపాటి స్టడ్లు, వాటిపై బిగించిన నట్లు మాత్రమే. వానకు, దుమ్ముకు ఇవి తుప్పు పట్టి, పంక్చరు పడినవేళ ఊడిరాక మొండికేస్తాయి. అందుచేత కొందరు మరలకు గ్రీజు గాని, యాంటీ సీజ్ అనే లేపనం గాని పూస్తారు. ఇది క్షేమమా?

బిగింపు ఎలా కలుగుతుంది?

నట్టును బిగించినప్పుడు స్టడ్డు అతి స్వల్పంగా సాగుతుంది. మళ్ళీ కుదించుకోవాలనే దాని గుణమే చక్రాన్ని హబ్బుకు అదిమి పడుతుంది. పొడి మరలపై మనం పెట్టే బలంలో సుమారు 90 శాతం రాపిడికే ఖర్చవుతుంది. 10 శాతమే బిగింపుగా మారుతుంది. చాలా కార్లకు తయారీదారులు సూచించే టార్కు పొడి మరలను దృష్టిలో ఉంచుకొని నిర్ణయించినది. లేపనం పూస్తే రాపిడి తగ్గి, అదే టార్కుకు స్టడ్డు మితిమీరి సాగుతుంది. మరలు చెడవచ్చు, స్టడ్డు తెగవచ్చు. ఒకటి తెగితే దాని భారం మిగిలినవాటిపై పడుతుంది.

లేపనానికి తగిన చోటు

అల్లాయ్ చక్రం హబ్బుకు అతుక్కుపోతుంటే, హబ్బు నడిమి అంచుకు పలుచగా పూయవచ్చు. మరలకు, నట్టు కూర్చునే చోటుకు, బ్రేకు డిస్కుకు తగలనీయరాదు. కొన్ని భారీ వాహనాల మాన్యువల్‌లో మరలకు నూనె చుక్కలు వేయమని ఉంటుంది. అక్కడ మాన్యువల్ మాటే ప్రమాణం.

పాటించవలసిన క్రమం

1. మరలను వైర్ బ్రష్షుతో శుభ్రపరచాలి. ఇదివరకే గ్రీజు పూసి ఉంటే బ్రేక్ క్లీనర్‌తో తుడవాలి. అరిగిన స్టడ్డును, నట్టును మార్చాలి.
2. నట్లను మొదట చేతితోనే ఎక్కించాలి. సాఫీగా తిరగని నట్టును గన్నుతో బలవంతంగా ఎక్కించరాదు.
3. ఎదురెదురు నట్లను విడతలుగా బిగించి, బండిని జాకీ నుండి దించాక, మాన్యువల్‌లోని టార్కుకు టార్క్ రెంచితో సరిచూడాలి.
4. 80 నుండి 160 కిలోమీటర్లు నడిచిన తరువాత మరొకసారి సరిచూడాలి.

నట్టు చుట్టూ తుప్పు చారలు కనిపించినా, చక్రం వద్ద టకటకమని శబ్దం వచ్చినా, స్టీరింగు కొత్తగా వణికినా ప్రయాణం ఆపి నట్లను పరీక్షించాలి. రహదారిపై ఊడిన చక్రం బండిలోని వారికే కాక, పక్కన నడిచే వారికీ ప్రాణాంతకం.