ఎవరి కంట పడకూడదని?

ప్రశ్న: ఇంట్లో అందరికీ ఒకటే ల్యాప్‌టాప్. నా ఆరోగ్య సమస్య గురించి ఇన్‌కాగ్నిటోలో చదువుతుంటాను. అది ఎవరికైనా తెలిసే వీలుందా?
- పేరు వద్దన్న పాఠకురాలు, ఏలూరు

జవాబు: ఇలా చాటుగా చదువుకోవడంలో తప్పేమీ లేదమ్మా. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఒక్కమాటగా తీర్పు చెప్పారు. మీ ఒంటి సంగతి ఎవరికి చెప్పాలన్నది మీ ఇష్టం.

ఇంట్లోవాళ్ల వరకైతే ఇన్‌కాగ్నిటో చాలామటుకు సరిపోతుంది. ఆ విండోలన్నీ మూసేశాక చూసిన సైట్ల జాబితా, కుకీలు ల్యాప్‌టాప్‌లో మిగలవు. డౌన్‌లోడ్ చేసిన ఫైళ్లు మాత్రం ఉండిపోతాయి, వాటిని మీరే తీసేయాలి. ఇల్లు దాటితే దాని పని అయిపోయినట్టే. మీరు ఏ సైటుకు వెళ్లారో ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీకి తెలుస్తుంది. మీ ఐపీ అడ్రసు ఆ సైటుకు తెలుస్తుంది. అదే విండోలో జీమెయిల్ తెరిచారా, ఆ తర్వాత వెతికినవి మీ ఖాతాలోకే చేరవచ్చు. ఇన్‌కాగ్నిటోలో ఉన్నా తమ సమాచారం సేకరించారంటూ 2020లో అమెరికాలో కొందరు గూగుల్ మీద దావా వేశారు. అలా పోగైన కోట్లాది రికార్డులను చెరిపేయడానికి గూగుల్ 2024లో రాజీ ఒప్పందంలో అంగీకరించింది.

ప్రశ్న: మా అబ్బాయి ఫోన్‌లో ఉచిత వీపీఎన్ వేసుకుని ‘ఇక మనల్ని ఎవరూ కనిపెట్టలేరు’ అంటున్నాడు. నిజమేనా?
- ఒక తండ్రి, వరంగల్

జవాబు: కాదండీ. మన వీధి కొట్టతనికి తెలియకూడదని పక్క వీధి కొట్లో ఖాతా పెట్టడంలాంటిది వీపీఎన్. ఇంటర్నెట్ కంపెనీకి కనబడనిది వీపీఎన్ కంపెనీకి కనబడుతుంది. కాబట్టి ఆ కంపెనీ ఎవరిదన్నదే అసలు ప్రశ్న. ఒనావో అనే ఉచిత వీపీఎన్‌ను ఫేస్‌బుక్ 2013లో కొన్నది. జనం ఏయే యాప్‌లు ఎంతసేపు వాడుతున్నారో దాని ద్వారానే తెలుసుకుంది. ఆపిల్ అభ్యంతరం చెప్పడంతో 2018లో దాన్ని యాప్ స్టోర్ నుంచి తీసేయాల్సి వచ్చింది. హోలా అనే మరో ఉచిత సర్వీసు తన వాడుకదారుల ఇంటర్నెట్ కనెక్షన్లనే ఇతరులకు అమ్ముకుంటోందని 2015లో బయటపడింది.

మన దేశంలో ఇంకో సంగతి ఉంది. వాడుకదారుల పేర్లు, చిరునామాలు, ఐపీ అడ్రసుల వివరాలు అయిదేళ్లపాటు భద్రపరచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో వీపీఎన్ కంపెనీలను ఆదేశించింది. దాంతో కొన్ని విదేశీ కంపెనీలు ఇక్కడి సర్వర్లనే ఎత్తేశాయి. ఎవరు నడుపుతున్నారో తెలియని ఆ ఉచిత యాప్‌ను ఈ రోజే తీయించేయండి.

ప్రశ్న: టార్ బ్రౌజర్ వాడితే నేరమా? అది నిజంగా కాపాడుతుందా?
- జర్నలిజం విద్యార్థి, తిరుపతి

జవాబు: టార్ వాడటమే నేరమనే చట్టం మన దేశంలో లేదు. దాంతో చేసిన పని నేరమైతే అది నేరమే. మీ రాకపోకలను టార్ మూడు సర్వర్ల మీదుగా తిప్పుతుంది. మొదటిదానికి మీరెవరో తెలుస్తుంది, ఎక్కడికి వెళ్తున్నారో తెలియదు. చివరిదానికి ఎక్కడికో తెలుస్తుంది, ఎవరో తెలియదు. నాకు తెలిసినంతలో మామూలు మనిషికి అందుబాటులో ఉన్న గట్టి రక్షణ ఇదే.

అయితే మీరు టార్ వాడుతున్నారన్న సంగతి మాత్రం దాగదు. 2013 డిసెంబరులో హార్వర్డ్ విద్యార్థి ఒకరు పరీక్ష తప్పించుకోవడానికి టార్ ద్వారా బాంబు బెదిరింపు మెయిల్ పంపాడు. ఆ సమయంలో క్యాంపస్ వైఫైలో టార్ వాడినవాళ్లెవరని అధికారులు ఆరా తీస్తే దొరికిపోయాడు. అతను చేసింది నేరం, దొరకడం మంచిదే. కానీ వార్తకోసం ఎవరి సమాచారమో కాపాడవలసిన మీరు ఆ సాంకేతిక పాఠం మరవకూడదు. టార్‌ను దాని సొంత సైటు నుంచే దించుకోండి. అందులో మీ సొంత ఖాతాలేవీ తెరవకండి. ఎక్స్‌టెన్షన్లు చేర్చకండి.

ప్రశ్న: ఆఫీసులో జరిగే అన్యాయాల గురించి మారుపేరుతో రాస్తున్నాను. అయినా పైఅధికారి నన్నే అనుమానిస్తున్నారు. ఎలా తెలిసి ఉంటుంది?
- ఉద్యోగిని, హైదరాబాద్

జవాబు: మీరు రాసిన విషయమే మిమ్మల్ని పట్టించి ఉంటుంది. 2006లో ఏఓఎల్ కంపెనీ దాదాపు ఆరున్నర లక్షలమంది వెతుకులాటలను పేర్లు తీసేసి, అంకెలు వేసి విడుదల చేసింది. వెతికిన మాటలను బట్టే న్యూయార్క్ టైమ్స్ విలేకరులు జార్జియాలోని ఒక పెద్దావిడ ఇంటికి చేరుకున్నారు. నలుగురే ఉన్న మీటింగు గురించి రాస్తే, రాసింది ఆ నలుగురిలో ఒకరని తెలిసిపోదా? తేదీలు, మీటింగులు, మీకు అలవాటైన మాటలు మార్చండి. ఆఫీసు ల్యాప్‌టాప్, ఆఫీసు వైఫై వాడనే వద్దు. మీ ఫోన్ నంబరుతో ఖాతా తెరిచి ఉంటే అది మీ నంబరు ఉన్నవాళ్లకు ‘మీకు తెలిసినవారేమో’ అంటూ కనబడవచ్చు.

ప్రశ్న: మా ఆయన నా ఫోన్ రోజూ చూస్తారు. కొడతారు కూడా. సాయం ఎక్కడ దొరుకుతుందో ఆయనకు తెలియకుండా వెతకడం ఎలా?
- ఒక సోదరి

జవాబు: తల్లీ, ఆ ఫోన్‌లో వెతకకండి. పైన చెప్పినవేవీ మీకు పనికిరావు. మీ గూగుల్ పాస్‌వర్డ్ ఆయన దగ్గరుంటే మీరు వెతికినవి ఆయన తన ఫోన్‌లోనే చూడగలరు. నిఘా యాప్ వేసి ఉంటే మీరు టైపు చేసే ప్రతి అక్షరమూ ఆయనకు చేరవచ్చు. అలాంటి యాప్ కనబడినా తొందరపడి తీసేయకండి. పాస్‌వర్డులూ ఒక్కసారిగా మార్చకండి. ఆయనకు అనుమానం వస్తే ముందు దెబ్బలు తినేది మీరే. ఆ ఫోన్‌ను ఎప్పటిలాగే వాడుతూ, సాయం కోసం మాత్రం పుట్టింటివాళ్లదో, పక్కింటావిడదో, అంగన్‌వాడీ టీచరుదో ఫోన్ తీసుకోండి. అందులోంచి 181కి చేయండి. అది మహిళల హెల్ప్‌లైన్, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పనిచేస్తుంది, రాత్రయినా ఎత్తుతారు. హింసకు గురైన మహిళలకు సాయం చేసే సఖి కేంద్రం మీ జిల్లాలో ఎక్కడుందో వాళ్లే చెబుతారు. ప్రాణం మీదికొస్తే మాత్రం ఏ ఫోన్ అని చూడకండి, 112 నొక్కండి.