పికప్ బండి వెనుక చక్రములలో చేతి బ్రేకు పట్టివేయుట – కారణమును కనుగొను క్రమము

మన సభ్యులలో పెక్కురు కూరగాయలను, మిరపను, ఎరువు బస్తాలను పికప్ బండిమీదనే తరలించుచున్నారు. ఇట్టి బండ్లలో తఱచుగా కనబడు లోపమొకటి చేతి బ్రేకు వదలకుండుట. మీటను పూర్తిగా దింపినను వెనుక చక్రము స్వేచ్ఛగా తిరుగదు. బండి బరువుగా నడచును. డీజిలు ఎక్కువగా ఖర్చగును. మాడిన వాసన వచ్చును.

దీనిని స్వల్పముగా నెంచరాదు. డ్రమ్ములోని వేడి బ్రేకు ఆయిలునకు సోకును. డాట్ 3 రకపు క్రొత్త ఆయిలు 205 డిగ్రీల సెంటీగ్రేడు వఱకు మరుగకుండ తట్టుకొనవలెనని నియమము. నీటిని పీల్చిన పాత ఆయిలు 140 డిగ్రీల ప్రాంతముననే మరుగవచ్చును. లోపల ఆవిరి పుట్టినచో కాలి బ్రేకు మెత్తబడి నేల వఱకు దిగిపోవును. మఱియొక అపాయమును గలదు. పట్టివేయునను భయమున కొందఱు చేతి బ్రేకును వేయుటయే మాని, కాలువ గట్టుమీద చక్రమునకు ఒక రాతిని అడ్డుపెట్టి దిగిపోవుదురు. రాయి జాఱినచో నిండుబరువు బండి ఎవరి మీదికి పోవునో చెప్పజాలము.

ఆకు పసుపుబాఱిన ప్రతి వరి మడికిని యూరియా చల్లుట ఎట్టి పొరపాటో మనమెఱుగుదుము. జింకు లోపించిన మడి యూరియాతో బాగుపడదు. అట్లే బ్రేకు పట్టిన ప్రతి బండికిని కేబులు మార్చుట ధనవ్యయమే. ముందు రోగమును గుర్తింపవలెను.

నిర్మాణము

వెనుక చక్రములకు డ్రమ్ము బ్రేకులున్న బండ్లలో మీటనుండి ఒక కేబులు బయలుదేఱి, బండి క్రింద రెండుగా చీలి, ఒక్కొక్క చక్రమునకు పోవును. కేబులు అనగా గొట్టములో జాఱు ఉక్కుతీగె. డ్రమ్ములోపల ఆ తీగె ఒక చిన్న మీటను లాగును. ఆ మీట రెండు షూలను విడదీసి డ్రమ్మునకు ఒత్తును. వదలినప్పుడు స్ప్రింగులు షూలను వెనుకకు లాగవలెను. కాలి బ్రేకు ఇవే షూలను ఆయిలు ఒత్తిడితో కదల్చును. కావున లోపము కేబులునందు, డ్రమ్ములోపల, ఆయిలు మార్గమునందు, ఈ మూడింట ఎక్కడనైన ఉండవచ్చును.

పరీక్షలు

1. వేడి పరీక్ష. సమమైన బాటమీద మూడు నాలుగు కిలోమీటర్లు బ్రేకును వీలైనంత తక్కువగా వాడుచు నడిపి ఆపుడు. ప్రతి చక్రము దగ్గఱకు అఱచేతిని చేర్చి చూడుడు, డ్రమ్మును తాకరాదు. ఒక వెనుక చక్రమే వేడెక్కినచో లోపము ఆ ప్రక్క కేబులులోనో డ్రమ్ములోనో ఉండుట సంభవము. రెండును సమముగా వేడెక్కినచో మీటను, ముందు కేబులును, కేబులు బిగింపును ముందు చూడవలెను. కాలిన డ్రమ్ముమీద నీరు పోయరాదు, పగులవచ్చును.

2. త్రిప్పి చూచుట. బండి చల్లారిన పిమ్మట గట్టినేలమీద నిలిపి, ముందు చక్రములకు ముందును వెనుకను దిమ్మెలు పెట్టుడు. గేరును న్యూట్రలులో ఉంచి, చేతి బ్రేకు దింపి, వెనుక ఇరుసును జాకీతో ఎత్తి స్టాండ్లమీద నిలుపుడు. జాకీని మాత్రమే నమ్మి బండి క్రిందికి దూఱరాదు. ఒక్కొక్క చక్రమును చేతితో త్రిప్పుడు. కొంచెము బరువు సహజము. రాపిడియు, పట్టును దోషములు. గరగరమను ధ్వనియు, చక్రము అటునిటు ఊగుటయు ఉన్నచో బేరింగును శంకింపవలెను.

3. కేబులు నట్టు వదలించుట. కేబులు చీలుచోటనున్న సవరింపు నట్టును వదులు చేయుడు. వెంటనే చక్రము తిరిగినచో కేబులు అతిగా బిగింపబడినది, లేదా మీటగాని ముందు కేబులుగాని వెనుకకు వచ్చుట లేదు. తిరుగనిచో నాలుగవ పరీక్షకు పొండు.

4. ఆయిలు ఒత్తిడి. ఆ చక్రపు సిలిండరు వెనుకనున్న గాలి తీయు మరను కొంచెము వదులు చేయుడు. ఆయిలు చిమ్మి చక్రము విడివడినచో చేతి బ్రేకు దోషి కాదు. లోపల ఉబ్బిన రబ్బరు పైపుగాని, పెడలునకు తగిన వెసులుబాటు లేకపోవుటగాని కారణమై ఉండును. మరను బిగించి, గాలి తీయించి, మెకానిక్కునకు చూపవలెను.

5. డ్రమ్ము విప్పి చూచుట. పై పరీక్షలచే విడువనిచో డ్రమ్మును తీయవలెను. తీగె కొనను లోపలి మీటనుండి విప్పి, చేతితో లాగి వదలుడు. తీగె గొట్టములో జాఱనిచో కేబులు త్రుప్పు పట్టినది. తీగె బాగుగ జాఱినచో మీట ఇరుసు బిగిసినదేమో, స్ప్రింగు సాగినదేమో, విఱిగినదేమో, షూలు ఆనుచోట గాడి పడినదేమో చూడవలెను. ఆ ధూళిని నోటితోగాని గాలి పంపుతోగాని ఊదరాదు. పాత లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చును. తడిగుడ్డతో తుడువవలెను.

చికిత్స

త్రుప్పు పట్టిన కేబులునకు నూనె పోసినచో కొన్నాళ్లు జాఱి మరల పట్టును, మార్చుటయే మేలు. స్ప్రింగులను రెండు ప్రక్కలను ఒకేసారి మార్పవలెను. షూ అంచు పలకకు ఆనుచోట మాత్రమే వేడిని తట్టు గ్రీజును పలుచగా పూయుడు, లైనింగునకు అంటరాదు. కేబులు వదులుగా నుండగనే ముందు షూలను సవరించి, ఆ తరువాతనే కేబులును బిగింపవలెను. ఈ క్రమము తప్పినచో బ్రేకు మరల పట్టును. బ్రేకు ఆయిలులో ఇంజను ఆయిలు కలుపరాదు. రబ్బరు భాగములు ఉబ్బిపోవును.

నివారణము

దమ్ము పొలములనుండి వచ్చిన బండిని కడిగి, కొంతదూరము బ్రేకును మెల్లగా త్రొక్కుచు నడిపినచో డ్రమ్ములు ఆఱును. పొటాషు ఎరువులోని క్లోరైడు ఇనుమును తినును గావున, ఒలికిన ఎరువును ఊడ్చి కడుగవలెను. చేతి బ్రేకును ప్రతిదినము వాడుచుండవలెను. కదలని తీగెయే త్వరగా బిగియును. తడిసిన బండిని చాలదినములు నిలుపునప్పుడు మాత్రము సమభూమిమీద గేరులో ఉంచి, దిమ్మెలు పెట్టి, చేతి బ్రేకును వదలవలెను; లేనిచో షూలు త్రుప్పుతో డ్రమ్మునకు అంటుకొనును. అట్లు అంటినచో బలవంతముగా లాగక, మొదటి గేరులోను వెనుక గేరులోను మెల్లగా కదలింపుడు.

చక్రము విడువని బండిమీద సరకెక్కింపకుడు. ఒకపూట ఆలస్యముగా సంతకు చేరినను నష్టము కొలదిగనే ఉండును. బ్రేకు తప్పిన బండి కలిగించు నష్టమునకు కొలత లేదు.