చేపల మోపెడ్‌కు యాక్సిలేటర్ వైరు మార్చుకోవడం ఎలా?



2018లో మొదలైన సమీకృత మత్స్య అభివృద్ధి పథకం కింద 75 శాతం సబ్సిడీతో మోపెడ్ తీసుకున్నవారి కోసం ఈ పాఠం.

హ్యాండిల్ వదిలినా రేసు తగ్గడం లేదా? ముందు యాక్సిలేటర్ వైరు చూడండి. పిడి దగ్గర లోపలి తీగ ఒక్కో పోగే తెగుతుంది. తెగిన పోగు పైతొడుగులో ఇరుక్కుంటే రేసు అట్లనే నిలబడిపోతుంది. వెనుక చేపల పెట్టె ఉన్నప్పుడు ఇది ప్రాణం మీదికొచ్చే పని. వెంటనే ఇంజన్ ఆఫ్ చేసి, బ్రేకు వేసుకుంటూ పక్కకు ఆపండి. మళ్లీ స్టార్ట్ చేయొద్దు.

మార్చేటప్పుడు ఇంజన్ చల్లారనివ్వండి. కొత్త వైరు పాతదాని పక్కన పెట్టి పొడవు చూసుకోండి. పాతది ఏ దారిన పోయిందో ఫోన్‌లో ఫొటో తీసుకుంటే సగం పని అయినట్టే. కార్బురేటర్ దగ్గర, పిడి దగ్గర తీగ చివరి గుండును గాడిలోంచి తప్పించి తీయండి. కొత్తదాంట్లో రెండు చుక్కల ఆయిల్ వేసి, అదే దారిన బిగించండి. పిడి తిప్పినప్పుడు మొదట కొద్దిగా, రెండు మూడు మిల్లీమీటర్లు, ఖాళీ ఆట ఉండాలి.

ఇప్పుడు అసలు పరీక్ష. స్టాండు వేసి, ఇంజన్ నడుస్తుండగా హ్యాండిల్ ఎడమకు, కుడికి పూర్తిగా తిప్పండి. రేసు దానంతటదే పెరిగితే వైరు బిగుతుగా ఉన్నట్టు, లేదా ఎక్కడో మడత పడ్డట్టు. విప్పి సరిచేయండి.

2020 తర్వాతి ఇంజెక్షన్ బండ్లయితే మెకానిక్‌కే చూపించండి.